తారు రోడ్డు మీద ఎర్రమట్టి

సుజాతా,

దసరా సెలవులు అయిపోయాయి. ఈ రోజు నుంచి నీ సైకిల్ మీదే స్కూలుకి వెళ్తానని అమ్ములు పట్టుబట్టింది. బతిమాలాను, అరిచాను, వినలేదు. మొండితనం అంతా నీదే.

తెల్లవారినప్పటి నుంచీ జల్లు పడుతూనే ఉంది. బ్రేకులకి నిన్ననే కొత్త రబ్బర్లు వేయించాను. "ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కకమ్మా, మట్టి కనిపిస్తే దిగి నడిపించుకుపో" అని పదిసార్లు చెప్పాను. "సరే నాన్నా, ఇంక చాలు" అంది.

అయినా మనసు ఊరుకోలేదు. అది బయల్దేరకముందే పార తీసుకుని ఆగిరిపల్లి రోడ్డెక్కాను. వానలకి మామిడి తోటలన్నీ దున్నుతున్నారు కదా, ట్రాక్టర్లు రాల్చిన ఎర్రమట్టి తడిసి సబ్బులా జారుతోంది. మన తోట గేటు నుంచి, నిరుడు నువ్వు జారి లారీ కింద పడిన మలుపు దాకా గీకుతూ వెళ్లాను.

అప్పుడే పక్క తోటలోంచి శీను ట్రాక్టర్ రోడ్డెక్కింది. గీకిన చోటల్లా మళ్లీ మట్టి ముద్దలు. అడ్డంగా నిలబడి, "చక్రాలు గీకి తీసుకెళ్లరా, నీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాను.

వాడు నవ్వాడు. "ఏంటి బాబాయ్, కాస్త మట్టేగా! వానకి అదే కొట్టుకుపోద్ది."

మన ట్రాక్టర్ చక్రాలు గీకమని ఆ రోజు నువ్వంటే, నేనూ ఈ మాటే అన్నాను సుజాతా. నువ్వు జారింది ఆ మట్టి మీదే.

వెనక నీ సైకిల్ బెల్లు మోగింది. పార పడేసి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో మట్టి తోడేశాను.