నూనెసారు పీట

చిరంజీవి అబ్బాయికి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. ఈ వాక్యం నేను రాయలేదు, అలవాటుపడిన చెయ్యి దానంతటదే రాసేసింది. అందులో నిజమెంతో కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. నీ ఒళ్ళు బాగుందని, సొరంగం పనిలో దుమ్ముకి ఆ పొడిదగ్గు మళ్ళీ తిరగబెట్టలేదని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నా మోకాలి గురించి అడిగావు. చదునైన నేల మీద దాని ఊసే ఉండదు, మెట్లు కనిపిస్తే మాత్రం తన సంగతి చెప్పుకుంటుంది. మీ అమ్మ దవడపన్ను పీకించుకుంది. నోట్లో దూది పెట్టుకుని కూడా ఆ పళ్ళ డాక్టరుకి వాళ్ళావిడతో ఎలా మసలుకోవాలో చెప్పి వచ్చింది. వంటింటి కప్పు ఇంకా కారుతోంది. బిందె పెట్టేంత కాదు, గిన్నె చాలు.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. "నూనెసారు వైద్యం ఎంతవరకూ వచ్చింది నాన్నా? రెండో విడత కూడా చేయిద్దామా? మా మేస్త్రీ చెప్పిన అయస్కాంతాలాయన దగ్గరికి పిడుగుని ఒకసారి తీసుకెళితే ఎలా ఉంటుంది?" అని రాశావు. ఒక్క మాటలో జవాబు చెప్పగలను. కానీ ఆ మాట నా నోటినుంచి వస్తే కుళ్ళుతో అంటున్నాడులే అనుకుంటావు. నాకు కుళ్ళు ఉన్నమాట నిజమే. కాబట్టి ముందు నా కుళ్ళు సంగతి పూర్తిగా విను, జవాబు తర్వాత.

నీ కూతురు పిడుగు ఒంటి మీద ఆ పలచటి టీ రంగు మచ్చలు చూసి మనందరం పుట్టుమచ్చలనుకుని మురిసిపోయాం, గుర్తుందా? తర్వాత ఎడమ ముంజేతి మీద మెత్తటి గడ్డ తేలింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది: ఇది జన్యువులో పుట్టుకతో పడ్డ తేడా, నరాల వెంబడి ఎక్కడైనా గడ్డలు పుట్టించగలదు, మీ ఇద్దరిలో ఎవరి తప్పూ కాదు, దీన్ని మొదలంటా తీసేసే మందు లేదు, ఆర్నెల్లకోసారి తీసుకొచ్చి చూపిస్తూ ఉండండి అని. "చూస్తూ ఉండటమా? అదేం వైద్యం మామయ్యా!" అని కోడలు ఆసుపత్రి గేటు దగ్గరే ఏడ్చింది. నువ్వు గబగబా బండి తాళం తీసింది కూడా నాకు కళ్ళకు కట్టినట్టుంది. ఆ రోజు నుంచే మీరిద్దరూ ఎవరు ఏ ఆకు పేరు చెబితే ఆ ఆకు కోసం పరిగెత్తడం మొదలుపెట్టారు. నేను తప్పుపట్టను. ఏమీ చెయ్యకుండా చూస్తూ కూర్చోమంటే కన్నవాళ్ళకి చేతులు ఊరుకోవు.

మొదట మీరు వచ్చింది నా దగ్గరికే. నా చదువు సంగతి నీకు తెలుసు. బైండింగు షాపు నడిపినన్నాళ్ళూ, కుట్టడానికి వచ్చిన పుస్తకాన్ని చదవకుండా కుట్టిన పాపాన పోలేదు. అందువల్ల నాకు ఆనకట్టలు కట్టడం కొంత, తేనెటీగలు పెంచడం కొంత, భార్యాభర్తల తగాదాల్లో చట్టం కొంత తెలుసు. ఎవరో ఒకాయన ఇచ్చి మళ్ళీ రాని లావుపాటి హోమియో పుస్తకమే నా వైద్య కళాశాల. అది నా చేతికి వచ్చేసరికే ముందు పేజీలన్నీ పురుగు తినేసింది. అందుచేత తలకి సంబంధించిన జబ్బుల్లో నేను కాస్త బలహీనం. మెడ కిందినుంచి మాత్రం నన్ను కొట్టేవాడు లేడు. మీ అమ్మ ఈ మాటకి ఎప్పుడూ నవ్వుతుంది. నవ్వనీ.

పిడుగు పొద్దున్నే నా ఎదుట నాలుక చాపి నిలబడేది. కథ చెబితేనే మాత్రలు మింగుతానని బేరం. నేనొక రైలు కథ మొదలుపెట్టి రోజుకో స్టేషను చొప్పున నడిపించాను. గడ్డ తగ్గలేదు. పెరగలేదు కూడా. పెరగకపోవడం నా ఘనతేనని నాలో నేను మీసం తిప్పుకుంటూ ఉండేవాణ్ణి.

అప్పుడు వచ్చాడు నూనెసారు. కోడలి ఆఫీసులో ఎవరి పిల్లవాడికో కాలువాపు తగ్గించాడట. బట్టతల, వెచ్చటి చేతులు, చెప్పబోయే జోకుకి ముందుగా తనే నవ్వుకునే రకం. గిన్నెలో నూనె గోరువెచ్చగా కాచి, ముంజేయి మీద పైనుంచి కిందికి రాస్తూ, రుమాలుతో ఎలుకని చేసి గాల్లోకి ఎగరేస్తాడు. వారం తిరక్కుండా నా మాత్రల సీసా ఎక్కడుందో అడిగే నాథుడు లేడు. పిడుగుకి మధ్యాహ్నం అయిందంటే చెవులన్నీ గేటు వైపే. ఆసుపత్రి తేదీ వచ్చింది. "విడత మధ్యలో ఆపకూడదట మామయ్యా, వచ్చే నెల వెళదాం" అంది కోడలు. నేను నోరెత్తలేదు. ఎత్తితే కుళ్ళంటారని.

వాళ్ళు కూర్చునే తీరు చెప్పాలి. హాల్లో కిటికీ కింద చాప మీద పిడుగు. గడ్డ ఎడమచేతికి కదా, నూనెసారు ఎడమపక్క పీట వేసుకుంటాడు. నా పేము కుర్చీ ఎప్పటినుంచో కుడిపక్క, గుమ్మం వైపు. ఆ కుర్చీలోంచి చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. మనవరాలు నావైపు తల తిప్పదు. పలకరిస్తే ఉలిక్కిపడుతుంది, మళ్ళీ అటే తిరుగుతుంది. పక్కన పాలగ్లాసు పెడితే మోచేత్తో దొర్లించింది. మాత్రలు అరచేతిలో పెట్టుకుని చాపితే, చాపిన నా చేతిని చాపినట్టే వదిలేసి ఆయన ఎలుకని చూసి కిలకిలా నవ్వింది.

"నీ మనవరాలు నాకు పెడముఖం పెడుతోంది" అన్నాను మీ అమ్మతో.

"పెట్టదూ మరి! మూతి అలా ముడుచుకుని కూర్చుంటే నేనైనా పెడతాను. ఈ వయసులో ఈ సవతిపోరు ఏమిటండీ మీకు?"

"ఆ బట్టతలలో ఏముందో నాకర్థం కావట్లేదు."

"మీ తలలో ఉన్నది అందులో లేదు. అదే ఉంది."

ఒకరోజు వాన పట్టుకుని నూనెసారు ఆలస్యమయ్యాడు. పీట ఖాళీగా కనిపించింది. శత్రువు సింహాసనం ఎలా ఉంటుందో చూద్దామని, మోకాలు వద్దంటున్నా వినకుండా వెళ్ళి దాని మీద చతికిలబడ్డాను.

"తాతా!" పిడుగు ముఖం వెలిగిపోయింది. "ఎప్పుడొచ్చావు?"

"రావడమేమిటే? ఇందాకట్నుంచీ ఆ కుర్చీలోనే ఉన్నానుగా."

"అబద్ధం. కుర్చీలో ఎవరూ లేరు."

అని నా ఒళ్ళో తల పెట్టి, "రైలు ఆగిపోయింది కదా, బొగ్గు అయిపోయిందా?" అంది. నేను గాలిలో తేలిపోయాను. ఇంతలో నూనెసారు గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. నేను పీట దిగలేదు. "పోనీలెండి బాబాయిగారూ" అని పాపం నా కుర్చీలోనే సర్దుకుని, అటునుంచి రుమాలు ఎలుకని ఆడించాడు. పిడుగు చూడలేదు. పేరు పెట్టి పిలుస్తూ భుజం మీద చెయ్యి వేస్తే కెవ్వుమంది. "నేనే కదమ్మా!" అన్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం దాచిపెడితే ఈ ఉత్తరం రాయడమే దండగ. అంత సంతోషం నాకు నీ పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆ రోజు నుంచి పీట నాది. ఆయన ఎదురుగా కూర్చుని నూనె రాసేవాడు. ఇక్కడిదాకా మీ అమ్మకీ తెలుసు, కోడలికీ తెలుసు. ఇకపైది ఎవరికీ తెలియదు.

ఆ మర్నాడు ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. కిటికీలోంచి ఎండ చాప నిండా పడుతోంది. ఆటగా వెనకనుంచి దాని ఎడమకన్ను అరచేత్తో మూసి, "నేనెవర్ని?" అన్నాను. కుడికన్ను తెరిచే ఉంది. పిడుగు రెండు చేతులూ గాల్లో తడుముతూ, "తాతా, లైటు ఎందుకు తీసేశావు?" అంది.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని రాస్తే నువ్వు నమ్ముతావేమో గానీ, అర్థమైంది. చెయ్యి తీసేశాను. నవ్వేశాను. రైలు కథ చెప్పాను. ఆ తర్వాత వారం రోజులు ఎవరికీ చెప్పలేదు.

ఎందుకని అడుగుతావు. చెబితే, అది నావైపు తిరిగింది ప్రేమతో కాదని ఒప్పుకోవాలి. కుర్చీలో ఉన్న నన్ను కాదనుకోలేదు, అసలు నేను కనిపించనే లేదు. పీట మీద ఉన్నవాణ్ణి ఎంచుకోలేదు, కనిపించినవాణ్ణి పట్టుకుంది. ఆయన గెలవలేదు, నేనూ గెలవలేదు. ఎన్నాళ్ళకో దక్కిన గెలుపు అంత త్వరగా చేజార్చుకోవడానికి మనసు రాలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఆ పీట మీద కూర్చుని ఆ ముద్దులన్నీ నావేనని తీసుకున్నాను. పసిదాని కన్ను పోతుంటే తాత కుళ్ళు తీర్చుకుంటున్నాడు. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు రాదు.

చివరికి ఒక సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఉన్నాం. నేను దాని కుడిపక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గర. వీధిలో ఏదో లారీ హారన్ కొట్టింది. పిడుగు బెదిరిపోయి, "తాతా! తాతా, ఎక్కడికి వెళ్ళిపోయావు?" అని ఏడుపు అందుకుంది. నేను పక్కనే ఉన్నాను. ఎత్తుకుని లోపలికి తీసుకొచ్చి కోడలికి చెప్పేశాను.

"ఎప్పట్నుంచి మామయ్యా?" అంది, చేతిలో గరిట అలాగే ఉంది.

"ఇప్పుడే చూశానమ్మా" అన్నాను.

మొన్న ఆసుపత్రికి వెళ్ళాం. స్కానింగు తీశారు. కుడికంటి వెనక నరం మీద గడ్డ ఉంది, రెండు కళ్ళ నరాలూ కలిసే చోటువైపు పాకుతోందట. డాక్టరమ్మ తిట్టలేదు. "చూపించుకోమన్నది ఇందుకేనండీ" అంది, అంతే. తిడితే బాగుండేది. చేతి మీది గడ్డ సంగతి అడిగాను. ఎప్పుడెలా ఉందో అలాగే ఉందట. నా మాత్రల కబురుగానీ, ఆయన నూనె కబురుగానీ దానిదాకా చేరినట్టు లేదు. మేమందరం ఆ ముంజేతి చుట్టూ కాపలా కాస్తుంటే, ఇంకొకటి తన దారిన తాను పెరిగింది.

వారానికోసారి సెలైనులో మందు ఎక్కించాలట, ఏడాది పైన పట్టొచ్చు. గడ్డ పెరగకుండా ఆగే అవకాశం బాగానే ఉంది, ఎడమకన్ను నిలబెట్టుకోవచ్చు. కుడికంటికి పోయిన చూపు వస్తుందని మాత్రం చెప్పలేమంది. కోడలు సంతకం పెట్టనంటోంది. "ఆ మందుకి వాంతులట, జుట్టూడుతుందట. మీ అబ్బాయిని రానివ్వండి మామయ్యా. ఈలోపు ఆ అయస్కాంతాలాయన్ని ఒక్కసారి చూస్తే తప్పేముంది?" అంటుంది. నేను కాదంటే, మీకు ఎవరి వైద్యమూ పడదు కదా అంటుంది. నేను ఇన్నాళ్ళూ తెచ్చుకున్న పేరు అది.

నిన్న నూనెసారు వచ్చాడు. సంగతి విని గిన్నె మీద మూత పెట్టేశాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "బాబాయిగారూ, ఆ రైలు చివరికి ఊరు చేరిందా?" అన్నాడు.

"ఏ రైలు?"

"పాప చెబుతుంటుంది కదండీ రోజూ. మీరు చెప్పిన కథేనట. వంతెన దాకా చెప్పి, మిగతాది తాతకే తెలుసు అనేది. మిమ్మల్ని అడుగుదామంటే మీరు నాతో మాట్లాడరాయె." చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అన్నాడు: "నా మనవలు నా జోకులు నాకే తిప్పి చెప్పి వెక్కిరిస్తారు. మీమీద నాకు భలే కుళ్ళుగా ఉండేదండీ."

ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించాను. అంతకంటే ఏం చేస్తాను?

ఇప్పుడు నీకు జవాబు. రెండో విడత వద్దు. అయస్కాంతాలు వద్దు. నా మాత్రలూ వద్దు, సీసాలన్నీ కాలవలో ఒంపేశాను. డాక్టరమ్మ చెప్పిన మందు మొదలుపెట్టాలి, ఇంకో వారం పోకముందే. నీ మాట వింటేగానీ కోడలు కలం పట్టదు. నేను చేసిన పని దానికి నేనే చెబుతాను. నువ్వు గుమ్మం ఎక్కకముందే చెబుతాను, నీ నోటిమీదుగా దానికి తెలియకూడదు. తర్వాత అది నాకు అన్నం పెడుతుందో లేదో దాని ఇష్టం.

నేను దాచిన ఆ వారం రోజుల్లో ఎంత చూపు పోయిందని డాక్టరమ్మని అడగడానికి రెండుసార్లు లేచాను. అడగలేకపోయాను. నువ్వు అడుగు. ఆవిడ ఏం చెబితే అది ఉన్నదున్నట్టు నాకు చెప్పు.

కొండల్లో ఫోను పలకదు కనుక దీన్ని మీ సరుకుల బండి డ్రైవరు చేతికే ఇస్తున్నాను. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అతని పక్కన సీటు ఖాళీగా ఉంటుందట. నా మీద కోపంతో ఎక్కినా సరే, ఎక్కు. ఇంట్లో నీ గొంతు వినపడగానే పిడుగు నన్ను ఎక్కడివాణ్ణి అక్కడే వదిలేసి నీ మెడకి చుట్టుకుంటుంది. ఇక నేనొకణ్ణి ఉన్నానని కూడా దానికి గుర్తుండదు. నాకు ఒళ్ళు మండుతుంది. మండనీ. నువ్వు రా.

ఇట్లు,
మీ నాన్న