పోస్టులో లేని పేరు

మంగళవారం, పాలకుర్తి

మా నాయకుడి ఫేస్‌బుక్ పేజీకి రాసి బతుకుతున్నాను కదా, ఈరోజు ఆ రాతే గుచ్చుకుంది. పొద్దున, వాగులో కొట్టుకుపోయి చనిపోయిన యువకుడి ఇంటికి ఆయనతో వెళ్లాను. ‘కన్నతల్లి కన్నీళ్లు తుడిచిన జననేత’ అని పోస్టు పెట్టాను. అందరూ బాగా రాశావన్నారు.

సాయంత్రం ఆ తల్లే ఫోన్ చేసింది. “పక్కింటి పిల్లతోని చదివించుకున్న బిడ్డా. గంత రాసినవు, మా పిలగాని పేరు ఏడున్నది?”

రాయలేదు. అసలు అడగనే లేదు.

అప్పుడడిగి తెలుసుకుని, పోస్టులో చేరుస్తానని మా నాయకుడికి చెప్పాను. “షేర్లు మంచిగ పోతున్నయ్ తమ్మీ, గిప్పుడు దాన్ని ముట్టకు” అన్నాడు.

ముట్టలేదు.

యాకయ్య. ఈ డైరీలోనైతే రాశాను. ఇది ఆమెకెవరు చదివి వినిపిస్తారు?