ఏడో మూలం

మహబూబాబాద్, బుధవారం రాత్రి

నా వాక్యాన్ని నాలుగోసారి కూడా తీసేశారు. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఒక చరిత్ర రచయిత పేజీకి నేను చేర్చింది ఒక్కటే: "ఈయన తన పుస్తకంలో బందిపోటని రాసిన తండా మనిషి నిజానికి కౌలు రైతు. దొర మనుషులు ఆయనను కొట్టి చంపారు." అచ్చయిన మూలం లేదట, అందుకని చెల్లదట!

మూలం నర్సింహులపేట దగ్గరి తండాలో బతికే ఉంది. ఆ మనిషి బిడ్డ. ముసలిదైంది. పోయిన వారం నా చెయ్యి పట్టుకుని చెప్పింది: "మా బాపును బండి చక్రానికి కట్టి, రోకలితోని మోకాళ్లు పలగ్గొట్టిండ్రు కొడుకా. నీళ్లంటే నోట్ల మన్ను గొట్టిండ్రు. నేను జూసిన."

తీసేసినవాడు ఎదురుగా ఉంటే పళ్లు రాలగొట్టేవాణ్ణి. చర్చా పేజీలో దాదాపు అదే మాట రాశాను. వాడు చల్లగా జవాబిచ్చాడు: "బందిపోటు అనడానికి పేజీ అడుగున జాబితాలో ఏడో మూలం చూడండి."

చూశాను. ఇరవై ఏళ్ల కిందట ఒక పత్రికలో ఆ పుస్తకం మీద వచ్చిన సమీక్ష. రాసింది నేనే. మనవాడి పుస్తకం కదా అని, తండా ముఖమైనా చూడకుండా "బందిపోటు గుట్టు విప్పిన పరిశోధన" అని మెచ్చుకున్నాను. ఆ రాసిన చేతిని గోడకేసి కొట్టాను. వేళ్లు వాచాయి, ఇప్పుడు అక్షరాలు వంకర పోతున్నాయి.

సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది.

"ఏమాయె కొడుకా, మా బాపు పేరు కడిగినవా?"

"ఇంకా లేదవ్వా. అడ్డం పడ్తున్నరు."

"ఎవడు వాడు? పేరు జెప్పు. రోకలి నా ఇంట్ల గూడ ఉన్నది."

సిగ్నల్ లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.