మలుపు తర్వాతి బెంచీలు

ప్రియమైన వదినగారికి,

చివరి రోజు ఏం జరిగిందో రాయమన్నారు. ఫోన్‌లో మీకు సరిగా వినపడదు, నాకు సరిగా మాట రాదు. అందుకే ఉత్తరం.

ఆ రోజు పొద్దున మీ చెల్లెలు కాఫీ రెండు గుక్కలు తాగి చాలంది. రాత్రి కురిసిన వాన వెలిసింది. "బాట ఆరిందా?" అని అడిగింది. కిటికీలోంచి చూసి ఆరిందన్నాను. "అయితే పద" అంది. ఇంటికొచ్చి చూసుకునే నర్సు వద్దంది. "మా ఆయన వేసిన బాటమ్మా, ఈ మంచం కంటే చదునుగా ఉంటుంది" అని తనే ఆమెకి సర్దిచెప్పింది.

చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పాను. గట్టు మీదుగా వెళ్లి చెక్క వంతెన దాటాం. నది మలుపు తిరిగాక, "అలసిపోయాను, కాసేపు ఆగుదాం" అంది. బెంచీ పక్కన కుర్చీ ఆపి బ్రేకు వేసి, నేను బెంచీ మీద కూర్చున్నాను. మళ్లీ బయలుదేరాం. తర్వాతి బెంచీ దగ్గర అదే మాట. అలా ఆగుతూ ఆగుతూ బాట చివరికి చేరాం.

అవతలి ఒడ్డున ఎవరో గొర్రెల్ని కడుగుతున్నారు. "ఆ నల్లదానికి స్నానం ఇష్టం లేదు" అంది. నేను నల్లదాన్ని చూశాను. అది నిజంగానే గింజుకుంటోంది. తిరిగి చూసేసరికి మీ చెల్లెలి తల పక్కకి వాలి ఉంది. నిద్రపోయిందనుకుని దుప్పటి సర్దాను. చెయ్యి తగిలినప్పుడు తెలిసింది.

కాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత ఇంటికి తోసుకొచ్చాను. దారిలో ఇద్దరు ఎదురై పలకరించారు. నేనూ పలకరించాను. వాళ్లకి చెప్పలేదు.

ఇంతే జరిగింది. మీ మోకాళ్ల కట్లు విప్పారా? ఆపరేషన్ అయి మంచం మీద ఉన్న మిమ్మల్ని రమ్మనడం భావ్యం కాదని ఎదురుచూడకుండా అన్నీ కానిచ్చాను. మన్నించండి.

మీ మరిది

*

మరిదీ,

ఉత్తరం చదివాను. మళ్లీ మొదలుపెడితే గొర్రెల దగ్గరికొచ్చి ఆగిపోతున్నాను.

పెద్దదాన్ని, దీవించి మొదలుపెట్టాలి. ఇవాళ నోరు రావట్లేదు. ఏమనుకోకు. అనుకున్నా నాకేం ఫర్వాలేదు.

మంచం దిగలేని మనిషిని ఏటి ఒడ్డుకి ఎందుకు తీసుకెళ్లావయ్యా? అది అడిగిందంటావు. అడిగితే? చిన్నప్పుడు ఒళ్లు కాలిపోతుంటే ఐస్‌ఫ్రూట్ అడిగేది. కొనిచ్చానా? చీపురు చూపించాను. అందుకే నీకు పెళ్లామయ్యేదాకా బతికింది.

అమ్మ పోయాక దాన్ని ఒళ్లో వేసుకుని కుట్టుమిషన్ తొక్కినదాన్ని. నీ చేతుల్లో పెట్టేటప్పుడు నీకో మాట చెప్పాను, గుర్తుందా? ఇది ప్రాణం పోతున్నా అలసిపోయానని చెప్పదు, ముఖం చూసి నువ్వే తెలుసుకోవాలి అన్నాను. నువ్వేమో బుద్ధిగా తలూపావు. తలూపడంలో నీ తర్వాతే ఎవరైనా.

నీకు బాటలంటే పిచ్చి. కొత్త పెళ్లాన్ని సినిమాకని బయల్దేరదీసి రోడ్ రోలర్ చూపించిన ఘనుడివి. అది వచ్చి నవ్వుతూ చెప్పింది గానీ నాకు అప్పుడే ఒళ్లు మండింది. తర్వాత నా చెల్లెల్నే నీ కొలబద్ద చేసుకున్నావు. గుండె పాడైన మనిషిని నడిపించడం, అది ఎక్కడ చతికిలబడితే అక్కడ బెంచీ వేయడం. అదో గొప్ప!

ఈ మోకాళ్లే సరిగా ఉంటే వచ్చి నీ ఎదురుగా నిలబడి అడిగేదాన్ని. ఉత్తరంలో కేకలేస్తే ఎవరికి వినపడుతుంది?

వదిన

*

ప్రియమైన వదినగారికి,

జవాబు ఆలస్యమైంది. మీ కోపం న్యాయమైనదో కాదో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు.

డాక్టరు వద్దనలేదు. ఇక ఏం చేసినా తేడా ఉండదన్నాడు. వద్దన్నది నర్సు. మీతో వాదించాలని కాదు, తెలియాలని రాశాను.

బెంచీల సంగతి మీకు ఎవరూ సరిగా చెప్పినట్టు లేదు. నడకబాటలు వేసే మా శాఖలో ఒక బాటని అందరికీ అనువైనదని రాయాలంటే కొన్ని నియమాలున్నాయి. ఎత్తుపల్లాలు ఇంతకి మించకూడదు, గేట్లలో చక్రాల బండి పట్టాలి, సమాన దూరాల్లో బెంచీలుండాలి. ఆ చివరి నియమం చదివి మీ చెల్లెలు నవ్వింది. "మనుషులు టేపు పెట్టి కొలుచుకుని అలసిపోతారా?" అంది. అప్పటికి తన కాళ్ల మీద నడుస్తోంది. బాట మొదలయ్యే రేవు నుంచి మలుపు దాకా బెంచీలు తను ఆగిన చోట్ల వేశాను. ఆగడమే గానీ అలసిపోయానని అనేది కాదు. మీరు చెప్పినట్టు ముఖం చూసి తెలుసుకున్నాను.

మలుపు తర్వాతి భాగం మరుసటి ఏడు వేశాం. అప్పటికి తనకి చక్రాల కుర్చీ వచ్చింది. నేను తోసేవాణ్ణి. అక్కడ బాట కాస్త ఎగువకి వెళ్తుంది, కంటికి తెలియదు. అక్కడ మాత్రం నోరు విప్పి అలసిపోయానని ఆపించేది. అందుకే ఆ బెంచీలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. చూసినవాళ్లకి జబ్బు ఎలా ముదిరిందో తెలిసిపోతుంది.

కర్రల సాయంతో నడిచే పోస్టుమాస్టరు ఒకాయన, కవలల్ని బండిలో తోసుకొచ్చే ఒక తల్లి, ఇంకొందరు రోజూ ఆ బాటకి వస్తారు. కొండవైపు బాటలు మాకు చాలా ఉన్నాయి. ఇలాంటివాళ్లు రాగలిగేది ఇదొక్కటే.

కొత్త అధికారి వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. మలుపు తర్వాత బెంచీలు నియమానికి మించి ఉన్నాయి, తీయించి వేరే బాటలో వేయిద్దామని ఇంటికి వచ్చి అడిగాడు. "మేడమ్‌గారి కోసం వేసినవి కదండీ, ఇప్పుడిక..." అని ఆగిపోయాడు. మీ ఇష్టం అన్నాను. అలసిపోయే మనిషి లేనప్పుడు వాటితో పనేముంది?

సెలవు పొడిగించాను. బయటికి వెళ్లడం లేదు. కుర్చీ తలుపు వెనక మడిచి పెట్టి ఉంది. ఆసుపత్రికి తిరిగి ఇచ్చేయాలి.

మీ మరిది

*

మరిదీ,

ఇంత చదువు చదివి ఊళ్లేలేవాడివి, నాకొక్కటి చెప్పు. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషికి బెంచీ ఎందుకయ్యా?

నీ ఉత్తరం వచ్చిన రోజు నాకిది తట్టలేదు. తిట్టడానికే చదివాను కాబట్టి తట్టలేదు. నిన్న తట్టింది.

నాకూ అలాంటి కుర్చీ ఒకటి ఇచ్చారు, మోకాళ్లు కుదురుకునేదాకా. పక్కింటమ్మాయి సాయంత్రం వీధి చివరిదాకా తోస్తుంది. వెదురు పుల్లలాంటి పిల్ల. నేనా, నీకు తెలిసిందే, తూకం వేస్తే కాటా సిగ్గుపడుతుంది. దానికి ఆయాసం వస్తుంది గానీ నోరెత్తి చెప్పదు. "కూర్చోవే" అంటే "నాకేం ఆంటీ, బాగానే ఉన్నా" అంటుంది. అందుకని నిన్న, "ఉండవే, నాకు నడుం లాగుతోంది, కాసేపు ఆపు" అన్నాను. నా నడుముకేం, గుండ్రాయిలా ఉంది. పిల్ల చక్కగా మెట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంది.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక కుర్చీ వెనక్కి తిప్పమన్నాను. ఇంటికొచ్చి నీ రెండు ఉత్తరాలూ తీశాను.

పుట్టి బుద్ధెరిగాక అలసిపోయానన్న మాట దాని నోట నేను వినలేదు. నువ్వూ వినలేదని నువ్వే రాశావు. కాళ్ల మీద నడిచినన్నాళ్లూ అననిది, కుర్చీ ఎక్కి కూర్చున్నాక అందా?

నీకు ఆయాసం ఉంది కదూ? ఎప్పటినుంచి? దానికి నువ్వు చెప్పి ఉండవు. నువ్వూ ఆ బాపతే. సరిపోయారు ఇద్దరూ.

తిట్టినవి వెనక్కి తీసుకోను, నాకు అలవాటు లేదు. సగం కొట్టేసుకో. ఆ గొర్రెల్ని కడిగే చోటు నేను చూడాలి. వచ్చే నెల పక్కింటమ్మాయి రైలెక్కిస్తానంది. నన్ను తోసేది నువ్వే. తోయగలవా, లేదా? నిజం రాయి. ఆ బెంచీలు మాత్రం తీయనివ్వకు.

అది లేదు కాబట్టి నీకు తిండీ నిద్రా నేనే గుర్తు చేస్తున్నాను.

వదిన

*

ప్రియమైన వదినగారికి,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. ఇవాళ కుర్చీ విప్పి బాటకి వెళ్లాను. తోయగలనా అని అడిగారు. ఖాళీ కుర్చీతో అది తేలదు కాబట్టి ఇసుక మూటలు వేసుకున్నాను. మీ బరువు అంచనా మీద వేశాను. తప్పైతే ఎక్కువవైపే అయి ఉంటుంది, క్షమించండి.

మలుపు దాకా ఇబ్బంది లేదు. మలుపు తిరిగాక బెంచీలు లేవు. తీసేశారు. వాటి కింది సిమెంటు దిమ్మలు, చుట్టూ తిరగేసిన మట్టి మిగిలాయి. ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్లాలనుకున్నాను. మొదటి దిమ్మ దగ్గరే ఊపిరి ఆడలేదు. ఆగాను. మళ్లీ తోశాను. ఇక చాలనిపించి తలెత్తి చూస్తే ఎదురుగా రెండో దిమ్మ. ఆ తర్వాతవీ అలాగే వచ్చాయి. ఒక్కటి కూడా తప్పలేదు.

ఆఖరి దిమ్మ దగ్గర కవలల తల్లి బండి పట్టుకుని నిలబడి ఉంది. నా మూటల వంక ఒకసారి చూసింది.

"ఇక్కడి బెంచీ ఏమైందండీ?" అని అడిగింది.

"తీసేశారు."

"ఎవరికి అడ్డమొచ్చిందట? ఇక్కడికొచ్చేసరికి నా పని అయిపోతుంది. వీళ్లకేం, మహారాజుల్లా పడుకుని ఉంటారు."

నేను తీయనిచ్చానని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. నవ్వి, బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

దిమ్మ మీద కూర్చున్నాను. అవతలి ఒడ్డున ఎవరూ లేరు.

ఆయాసం మూడేళ్లుగా ఉంది. దాచాననే అనుకున్నాను. కుర్చీ వెనక నడిచేవాడి ముఖం ముందున్నవాళ్లకి కనపడదు. ఊపిరి మాత్రం వినపడుతుందని నాకు తోచలేదు. నన్ను కూర్చోమని తను ఒక్కసారీ అనలేదు. అనుంటే కూర్చునేవాణ్ణి కాదు. చివరి రోజు తనకే ఊపిరి అందడం లేదు. అయినా నన్ను ప్రతి బెంచీ దగ్గరా కూర్చోబెట్టింది.

మీరు రండి. తోయగలను, ఆగుతూ తోయగలను. ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. మీకు నడుం లాగుతోందని చెప్పనక్కర్లేదు.

రేపు ఉదయం ఆఫీసుకి వెళ్తాను. ఆ బెంచీలన్నీ ఏ దిమ్మ మీదవి ఆ దిమ్మ మీదే మళ్లీ వేయమని అడుగుతాను. ఇప్పుడు ఎవరి కోసమండీ అని అధికారి అడుగుతాడు. నా కోసం అని చెప్తాను.

మీ మరిది