ఇంగువ డబ్బా మూత కింద

యూసుఫ్‌గూడ,
ఆదివారం మధ్యాహ్నం.

పెద్దక్కకి,

నీ తమ్ముడు సూర్యం రెండు చేతులూ జోడించి రాస్తున్న సంగతులు. నేను బాగున్నాను. ఉద్యోగం కూడా ఉంది. ఈ రెండు ముక్కలూ ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఉత్తరం సగం చదివేసరికి నీకు కంగారు పుడుతుంది. అప్పుడు బావని లేపి ఫోన్ చేయించకు. ఫోన్లో నీకు సగమే వినబడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఓపిగ్గా కూర్చుని కాగితం మీద పెడుతున్నాను.

బావ మోకాలు ఎలా ఉంది? కర్రీ పాయింట్లో ఇప్పటికీ పొయ్యి ముందు నువ్వే నిలబడుతున్నావా? మన తాడేపల్లిగూడెంలో నీ గుత్తివంకాయ కోసం పన్నెండింటికే క్యూ కడుతున్నారని మొన్న మన వీధిలో ఉండే ఒకాయన ఇక్కడ కనబడి చెప్పాడు. సంతోషమేసింది. కానీ కాళ్ళ వాపు సంగతి మాత్రం ఆయన చెప్పలేదు, నువ్వూ చెప్పవు. ఈసారైనా రాయి.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే రూము నుంచి బయల్దేరి ఫిలింనగర్ గుట్ట ఎక్కేసరికి చెవులు గడ్డకడుతున్నాయి. నువ్వు అల్లిన మఫ్లరు ఉంది, కంగారు పడకు. రూములో నాతో ఉండే ఆయన సినిమాల్లో గుంపులో నిలబడతాడు. సోమవారం పోలీసు, మంగళవారం పెళ్ళిపెద్ద. ఆయన షూటింగుకి వెళ్ళిన ఆదివారాలు మాత్రం కాస్త దిగులుగా ఉంటుంది. పక్క రూములో ఎవరో పులుసు పెడతారు, ఆ వాసనకి నువ్వు గుర్తొస్తావు. అంతే, పెద్దగా ఏం లేదు.

నేను వంట చేసే ఇంటి సంగతి నీకు తెలుసుగా. మేడం సినిమాలకి బట్టలు డిజైన్ చేస్తారు, సారు కెమెరామన్, నెలకి ఇరవై రోజులు అవుట్‌డోర్‌లోనే. వాళ్ళకి తొమ్మిదేళ్ళ పాప, ఆద్య. నన్ను పెట్టుకున్నదే చారు కోసం. మొదటిరోజు మేడం చారుని గ్లాసులో పోసుకుని తాగి, "ఈ ఇంగువ వాసనకి మా నాన్నమ్మ గుర్తొచ్చిందండీ" అన్నారు. అది నీ చారే. ఏది వండినా చివర్లో చిటికెడు ఇంగువ పడితేనే వంట నిలబడుతుందని నేర్పింది నువ్వే కదా. రైలెక్కేటప్పుడు నీ పేరు చెక్కించిన స్టీలు డబ్బా నిండా ఇంగువ పోసి నా చేతిలో పెట్టావు. ఆ డబ్బా గురించే ఈ ఉత్తరం.

పాపకి ఎప్పుడూ కడుపునొప్పి. తిన్నది ఒంటపట్టదు. వేసవి సెలవుల్లో పెద్ద డాక్టరుకి చూపిస్తే, గొట్టం వేసి పరీక్ష చేసి, గోధుమ అస్సలు పడదన్నారట. ఆ జబ్బు పేరు నాకు నోరు తిరగదు. గోధుమలో గ్లూటెన్ అని ఒకటి ఉంటుందట, అది ఒక్క రవ్వ కడుపులోకి వెళ్ళినా పేగు లోపల గీరుకుపోతుందట. జన్మంతా మానెయ్యాల్సిందే. మైదా, రవ్వ, బ్రెడ్డు, బిస్కెట్టు, సేమ్యా, అన్నీ ఒక్కరోజులో ఇంట్లోంచి పోయాయి.

నాకు మాత్రం ఆ గ్లూటెన్ ఏంటో కంటితో చూడాలనిపించింది. నా సంగతి తెలుసుగా, చూడందే నిద్రపట్టదు. రూముకి వచ్చి గోధుమపిండి ముద్ద కలిపి కుళాయి కింద పెట్టి పిసికాను. తెల్లటి పాలన్నీ పోయాక చేతిలో సాగే జిగురు ముద్ద మిగిలింది. చూడగానే నవ్వొచ్చింది. గోధుమపాల హల్వా చేసినప్పుడల్లా మనం తీసి పారేసేది అదే అక్కా! ఇన్నేళ్ళు చేత్తో పట్టుకుని పేరు తెలియకుండా పారేశాం.

జూన్ నుంచి గోధుమ రవ్వంత లేకుండా వండాను. ప్రతి పొట్లం వెనకా ఏం రాశారో చదివి గాని వంటింట్లోకి రానివ్వలేదు. పాప నాకు ఇంగ్లీషు చదివిపెట్టేది, నేను తనకి కూరగాయల పేర్లు తెలుగులో చెప్పేవాణ్ణి. అయినా నొప్పి తగ్గలేదు. రక్తపరీక్షలో అంకె కూడా దిగలేదు. మళ్ళీ మత్తిచ్చి గొట్టం వెయ్యాలని డాక్టరు దసరా అయ్యాక ఒక సోమవారానికి టైమిచ్చారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి పాప పొట్ట మీద చెయ్యి పెట్టుకుని వంటింటి గట్టు దగ్గర కూర్చునేది.

అప్పుడే నవంబర్లో పుట్టినరోజు పార్టీ అనుకున్నారు. పిల్లలు పాతికమంది, వాళ్ళ తల్లిదండ్రులు. సినిమావాళ్ళు కదా, సగంమందికి డైటింగు. పంచదార వద్దు, నూనె వద్దు, పాపకి పడనిది అసలే వద్దు. "పళ్ళు ముంచుకుని తినేదేదైనా, పక్కన కరకరలాడే చిప్స్ చెయ్యండి సూర్యం గారూ" అన్నారు మేడం. నాకు సరదా పుట్టింది. పెరుగు గుడ్డలో కట్టి పొద్దున్నించి సాయంత్రం దాకా వేలాడదీశాను. సీతాఫలం గుజ్జుని జల్లెడ మీద చేత్తోనే రుద్ది గింజ తీశాను. మిక్సీ జోలికి పోలేదు, గింజ నలిగితే పనికిరాదు. రెండూ కలిపి, నానబెట్టిన ఖర్జూరం ముద్ద కొంచెం, యాలకుల పొడి. జామకాయ ముక్క ముంచుకుని తింటే ఎంత బాగుందో! నువ్వుండాల్సింది.

చిప్స్ దగ్గరే ఇబ్బంది. జొన్నపిండి కలిపి వత్తితే అట్టు కాదు గదా, ముక్కలు కూడా మిగల్లేదు. ఇల్లు తుడిచే యాదమ్మ చూసి, "సల్లటి నీళ్లు పోస్తే గట్లనే పలుగుతది అన్నా. మసలిన నీళ్లు పొయ్యాలె. జర సల్లారినంక గట్టిగ పిసుకు, గప్పుడు చెప్పినట్టు ఇంటది" అంది. అలాగే చేశాను. కొంచెం బియ్యప్పిండి, ఉడికించిన చిలగడదుంప, నువ్వులు కలిపి, పల్చగా వత్తి, మూడు మూలలుగా కోసి ఓవెన్లో పెట్టాను. చివర్లో నా చెయ్యి ఊరుకుంటుందా? చిటికెడు కాదు, జొన్నకి కాస్త ఎక్కువే పడాలని ఇంగువ రెండు చిటికెలు వేశాను.

పార్టీకి ముందే రుచి చూడమని పెడితే, పాప పది చిప్స్ తింది. సాయంత్రానికి కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది.

మరలో గోధుమ ఆడించాక జొన్న పోశారేమోనని అనుమానమొచ్చి, జొన్నలు కడిగి ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టాను. మళ్ళీ అదే. ఈలోగా పాప దసరాకి అమ్మమ్మగారింటికి బెజవాడ వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చింది. అక్కడ ఒక్కసారి కూడా నొప్పి రాలేదట. వచ్చి ఒక్కపూట నా చారు తాగింది, మొదలు. అంటే తప్పు నా వంటింట్లోనే ఉంది. ఎక్కడుంది? అక్కడ తినంది ఇక్కడేం తింటోంది? వాళ్ళమ్మమ్మ చారుకి ఏం పోపు పెడుతుందని అడిగితే, "వెల్లుల్లి" అంది పాప.

ఇద్దరం కలిసి అల్మారాలన్నీ దింపాం. పప్పులు, పొళ్ళు, సాసులు, అన్నీ మళ్ళీ చదివాం. ఆఖరికి పోపులడబ్బా పక్కన నీ స్టీలు డబ్బా మిగిలింది. దాని మీద నీ పేరు తప్ప ఏముంటుంది చదవడానికి? మూత తీశాను. వాసన పోకుండా నువ్వు ఇంగువ పొట్లం కవరునే నాలుగు మడతలు పెట్టి మూత కింద నొక్కి పెట్టావు, గుర్తుందా? రోజుకి రెండుసార్లు ఆ కవరు ఎత్తి, చిటికెడు తీసి, మళ్ళీ పెట్టేవాణ్ణి. ఏనాడూ విప్పలేదు. పాప విప్పింది. వేలు పెట్టి కూడబలుక్కుని, "సూర్యం అంకుల్, ఇందులో గోధుమపిండి ఉంది" అంది. ఇంగువ బంక పొడి అవ్వడానికి కలుపుతారట. మొదటి పేరే అది.

జూన్ నుంచి చారులో, పప్పులో, పులుసులో, రోజూ నా చేత్తో వేసి, నా చేత్తో వడ్డించి, ఇంకొంచెం పోసుకో అమ్మా అని బతిమాలి మరీ పెట్టాను. నా మొహం చూసి పాపకి ఏమనిపించిందో, కవరు మళ్ళీ మడత పెట్టేసింది. "మమ్మీకి చెప్పొద్దు. నిన్ను పంపించేస్తుంది. ఇవాళ్టి నుంచి వెయ్యకు, సరిపోతుంది" అంది.

నిజం చెబుతున్నాను అక్కా, ఒక్క నిమిషం అదే మంచిదనిపించింది. వెయ్యడం మానేస్తే ఎవరికి తెలుస్తుంది? యాదమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోనే ఉంది, అంతా విన్నది. పాప వెళ్ళాక, "అన్నా, గంత చిన్న పిల్ల నీకోసం అబద్ధం మోస్తదా? సోమారం గొట్టం ఏస్తరు, నోరు మూసుకొని పోయి పండుకుంటదా?" అంది. తల దించుకున్నాను. నాకు సిగ్గేసింది.

మేడం రాగానే కవరు ఆవిడ చేతిలో పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. చదివి, మెట్టు మీద కూర్చుండిపోయారు. తర్వాత గొంతు పెద్దదైంది. "లేబుల్ చదవకుండా ఏదీ లోపలికి రాకూడదని ఎన్నిసార్లు చెప్పానండీ? నా పిల్ల ఎన్నాళ్ళు ఏడ్చిందో మీకు తెలియదా?" తెలుసు. రోజూ చూశాను.

డాక్టరుకి ఫోన్ చేశారు. కారణం అదే అయ్యుండొచ్చు, ఆపి చూద్దాం, గొట్టం పరీక్ష ఇప్పుడు వద్దన్నారట. తర్వాత రెండు రోజులు మేడం వంటింటి వైపు రాలేదు. నేను వండాను, యాదమ్మ వడ్డించింది. సంచి సర్దుకుని పెట్టుకున్నాను. మూడోరోజు ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "పార్టీకి ఆ జొన్న చిప్స్ ఎప్పుడు మొదలుపెడతారు?" అనడిగారు. స్టవ్ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఉల్లిపాయలు కూడా లేవు ఆ పూట, వంక పెట్టుకోవడానికి.

ఇంగువ లేకుండా చేస్తే మొదట వెలితిగా ఉంది. వేయించిన జీలకర్ర, కాస్త శొంఠి వేసి చూశాను. పాప మూడువారాలుగా పొట్ట మీద చెయ్యి పెట్టుకోవడం మానేసింది. రక్తపరీక్ష మళ్ళీ కొన్నాళ్ళకి చేస్తారట, నీ దేవుడి దగ్గర ఒక మాట చెప్పు.

పార్టీ మొన్న గురువారం అయింది. ఒక నిర్మాతగారి భార్య సీతాఫలం గిన్నె ఖాళీ చేసి, ఏ స్టార్ హోటల్ నుంచి తెప్పించారని అడిగింది. మేడం నా వైపు చూసి, "తాడేపల్లిగూడెం నుంచండీ" అన్నారు. నీకు చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

కానీ నేను చూసింది వేరే. ఎవరింట్లో పార్టీకి వెళ్ళినా పాప తన పేరు రాసిన చిన్న డబ్బాలో తన తిండి తీసుకెళ్ళి మూల కూర్చుని తింటుంది. సొంత పార్టీలోనూ అలవాటుగా ఆ డబ్బా పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "నావి ఏవి?" అంది. బల్ల మీద పళ్ళేలు చూపించాను. "అవి అందరివీ కదా?" అంది. అందరివీ నువ్వు తినేవే అమ్మలూ అన్నాను. డబ్బా నా చేతిలో పెట్టేసి పిల్లల మధ్యలోకి పరిగెత్తింది. ఒకే గిన్నెలో పదిచేతులు, అందులో తన చెయ్యి ఏదో నాకే తెలియలేదు.

నీ తప్పేం లేదక్కా. ఆ కవరు నువ్వు నా కోసం, వాసన పోకూడదని పెట్టావు. చదవాల్సింది నేను. ఒక్కటే కోరిక. కర్రీ పాయింట్‌కి ఎవరైనా వచ్చి గోధుమ పడదంటే, మాది అన్నం కూరలే కదా అనకు. ఇంగువ వేసినవేవో చెప్పు. ఇక నుంచి నాకు ఇంగువ పంపకు. కందిపొడి పంపు, అందులోనూ వెయ్యకుండా.

బావకి నమస్కారాలని చెప్పు. మావయ్యగారి కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. ఎదురింటి పిన్నిగారు అడిగితే సూర్యం బక్కచిక్కలేదని చెప్పు. నీ దీవెన ఎప్పటిలాగే నా నెత్తి మీద ఉండనీ.

ఈ ఉత్తరంతో పాటు నీ స్టీలు డబ్బా తిరిగి పంపుతున్నాను. ఆ వంటింట్లో ఇక దానికి చోటు లేదు. ఖాళీ డబ్బా పంపకూడదని నువ్వే అంటావుగా, జొన్న చిప్స్ నింపాను. చింతపండుతో తోమాను, శనగపిండితో తోమాను, రెండు రోజులు ఎండలో పెట్టాను. అయినా చిప్స్ ఇంగువ వాసన వేస్తాయి. నేను వెయ్యలేదు అక్కా, అది నీ డబ్బాదే.

నీ తమ్ముడు,
సూర్యం