మీ అమ్మ తాడు, నేను కొట్టిన చువ్వలు

చిరంజీవి అత్సెదెకు నాన్న ఆశీస్సులు. గియోర్గిస్ స్వామి చల్లని చూపు వల్ల ఇక్కడ మేమూ, ఎడ్లూ, ఆ పొగరుబోతు దూడా బాగున్నాం. నువ్వు వేళకు తింటున్నావని నమ్ముతున్నాను.

మస్కల్ పండుగ వెళ్లింది. వానలు ఆగాయి, టెఫ్ చేను వెన్ను తీసింది. నువ్వడిగిన కారం పొడి మీ అమ్మ నిన్ననే దంచింది. ఆ ఘాటుకు నా ముక్కు దిబ్బడ వదిలిపోయింది.

ఇక నీ ప్రశ్న. మన చేను పక్క వంక గట్టులో నువ్వు దిగ్గొట్టిన ఇనుప చువ్వలు, రెండు వానాకాలాలు గడిచినా బెత్తెడే ఎందుకు బయట ఉన్నాయని అడిగావు. మట్టి కోసుకుపోతే చువ్వ ఇంకా బయటపడాలి కదా, కోతే లేదని మీ భూసంరక్షణ ఆఫీసువాళ్లు మన వంకను రాతి అడ్డుకట్టలు కట్టే జాబితాలోంచి తీసేస్తున్నారని రాశావు. అడ్డుకట్ట పడకపోతే మన చేను వంకపాలే.

తల్లీ, తప్పు నాది. వాన పడిన ప్రతిసారీ చువ్వలు బయటకు పొడుచుకొచ్చేవి. కూతురు పెట్టిన వస్తువు చక్కగా ఉండాలని, నువ్వు వదిలిన బెత్తెడు కొలిచి మరీ సుత్తితో లోపలికి కొట్టాను.

మీ అమ్మకు చెబితే కాఫీ గింజలు వేయించడం ఆపి నవ్వింది.

"ఏమయ్యా అడ్మాసూ, పిల్ల కొలవడానికి పెడితే నువ్వు సర్దిపెట్టావా? ఇంట్లో ఏనాడైనా ఒక్క చెంబు సర్దావా?"

తర్వాత లేచి దూడ తాడు విప్పుకొచ్చింది.

"ఇదిగో చూడు. ఏటా మస్కల్ మర్నాడు ఆలివ్ చెట్టు కాడి నుంచి గట్టు అంచుదాకా చాపి ముడేస్తా. దూడ వంకలో పడకుండా ఎంత తాడు వదలాలో తెలవద్దూ?"

తొమ్మిది ముడులు, అత్సెదె! ఏటికేడూ చెట్టు వైపు జరుగుతూ వచ్చాయి. పోయినేటి ముడికీ ఈ ఏటి ముడికీ మధ్య మూరన్నర నేల పోయింది. నాకు నాలుగు అక్షరాలొచ్చని మీసం మెలేస్తుంటాను గానీ, అక్షరం రాని ఆ మనిషి ముందు నేనెంత? ఇన్నేళ్లూ పక్కనే ఉండి చూడలేదు. సిగ్గేసింది, అంతకు మించి గర్వంగా అనిపించింది.

ఆ తాడు ఈ ఉత్తరంతోపాటే మీ ఊరు బహిర్ దార్‌కు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మీ పెద్దలకు చూపించు. నా నిర్వాకం కూడా చెప్పు, దాచకు. దూడను ప్రస్తుతానికి నా నడుం పట్టాతో కట్టేశాను.

నాలుగో ముడి కాస్త వదులుగా ఉంది. బిగిద్దామని చేయి ఉబలాటపడింది గానీ, ముట్టుకోలేదు.

ఇట్లు,
నీ చేతికి ఇక సుత్తి అప్పగించేసిన
నాన్న