తలెత్తిన బాతు

నవంబర్ 9, ఉదయం 6.40
పెరట్లో అడవి బాతులు! మూడు. కాకులు తప్ప ఏదీ వాలని పెరడు మాది. కెమెరా తెచ్చేలోపు గోడ దాటి ఎగిరిపోయాయి. నా మొహం.

నవంబర్ 10
కోళ్లు నీళ్లు తాగే బేసిన్‌ని వంటింటి కిటికీ కిందికి జరిపాను. బాతులు మళ్లీ నీళ్లకి వస్తే అక్కడ లైటింగ్ బాగుంటుంది. కోళ్ల నీళ్లతో మీకు ఆటలేంటండీ, బాతులకి వేరే గిన్నె పెట్టండి అని మా ఆవిడ సణిగింది. ఆ సొట్టగిన్నె ఫ్రేములో ఏం బాగుంటుంది? సరేనన్నాను. పెట్టలేదు.

నవంబర్ 12, 7.05
వచ్చాయి! ఒకటి బేసిన్ పక్కన నిలబడి మెడ వెనక్కి వంచి ఆకాశంలోకే చూస్తూ ఉండిపోయింది. నలభై ఫ్రేములు తీసినా కదల్లేదు. పాస్‌పోర్ట్ ఫొటోల కోసం తల కాస్త పైకెత్తండి బాబూ అని స్టూడియోలో రోజంతా జనాన్ని బతిమాలుకునే నాకు ఇది అడక్కుండానే పోజిచ్చింది. ఫేస్‌బుక్‌లో మా ఫొటోగ్రాఫర్ల గ్రూప్‌లో పెట్టాను. సాయంత్రానికి ఆరువందల లైకులు. కాలర్ ఎగరేశాను.

నవంబర్ 13
ఈరోజు రెండే వచ్చాయి.

నవంబర్ 14
గ్రూప్‌లో ఒక పశువుల డాక్టర్ ఫొటో కింద రాశాడు. అది పోజు కాదట, జబ్బట. ఇంట్లో కోళ్లుంటే అంటుకుంటుంది, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి అన్నాడు. కుళ్లుబోతు అనుకున్నాను. డిలీట్ చేశాను. ఫొటోని కాదు, ఆయన కామెంట్‌ని.
తర్వాత ఉండబట్టలేక వెళ్లి బేసిన్ ఒంపేశాను. అప్పటికే రెండు కోళ్లు మూల నక్కి ఉన్నాయి.

నవంబర్ 15
ఐదు కోళ్లూ పోయాయి. ఎలుకల మందు తిన్నాయని ఇంట్లో చెప్పాను. నేనే చూశానని కూడా అన్నాను.
మా చిన్నమ్మాయి ఒకటే ఏడుపు. ఏడేళ్ల పిల్ల. రోజూ వాటికి మేత వేసేది అదే. నిన్న నల్లకోడిని ఒళ్లో పెట్టుకుని ముక్కు తుడిచిందట, ముద్దు పెట్టుకుందట. మా ఆవిడే చెప్పింది. అప్పుడే నిజం చెప్పేయాల్సింది.

నవంబర్ 18
చిన్నదానికి జ్వరం. వాతావరణం మారింది కదా అంది మా ఆవిడ. అవునన్నాను. భయంగా ఉంది.

నవంబర్ 19, మధ్యాహ్నం 2.15
ఆసుపత్రి. 103. పిల్ల ఆయాసపడుతోంది. ఇంట్లో కోళ్లేమైనా చనిపోయాయా అని డాక్టరమ్మ అడిగింది. పక్షుల నుంచి అంటుకున్నదైతే మందు వేరే, ఇవాళే మొదలుపెట్టాలి అంది. అలాంటిదేం కాదమ్మా, అవి ఎలుకల మందు తిని పోయాయి, ఈయన కళ్లారా చూశారు అంది మా ఆవిడ. డాక్టరమ్మ నావైపు తిరిగి, నిజమేనా అని అడిగింది.

2.20
నిజమే అన్నాను.